కొరియా చర్మసంరక్షణ విధానము: నడివయస్సున, బిర్కత్ అల్ అవామిర్ ఎండలో

కొరియా చర్మసంరక్షణ విధానము దక్షిణ కొరియా దేశమున రూపొంది, 2010 దశకమున లోకమంతట వ్యాపించిన దినచర్య. ముఖచర్మమును మెల్లగా శుభ్రపఱచి, పలుచని ద్రవముతో ఆరంభించి చిక్కని లేపనముతో ముగియునట్లు తేమ నిలుపు పూతలను ఒకదానిపై నొకటిగా పూసి, పగటివేళ వీనియన్నిటి మీదను ఎండను అడ్డగించు సన్‌స్క్రీన్ లేపనమును ధరించుట దీని స్వరూపము. ఇది పెండ్లికెదిగిన బాలికల అలంకారమనియు, సినిమాతారల వ్యసనమనియు మనలో చాలమంది తలచుచున్నారు. అది పొరపాటు. చర్మము తన్ను తాను కాపాడుకొను శక్తి నిండుగా నున్న ఇరువదియేండ్ల వయస్సున దీని అవసరము స్వల్పము. ఆ శక్తి తఱుగుట మొదలిడిన నలువదియేండ్ల పిమ్మటనే దీని ప్రయోజనము బయలుపడును. ఆ వయస్సున ఉన్న తెలుగువారికి, అందును ఖతర్ దేశమున బిర్కత్ అల్ అవామిర్ వంటి ఎండతావున పనిచేయువారికి, ఈ విధానమున గ్రహింపదగిన దెంత, విడువదగిన దెంత యనునది ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

బిర్కత్ అల్ అవామిర్ ఖతర్ రాజధాని దోహాకు దక్షిణమున, అల్ వక్రా పురపాలక పరిధిలో నున్నది. అరబ్బీలో బిర్కత్ అనగా కొలను. అవామిర్ ఒక అరబ్బు తెగ పేరు. పేరున కొలను వినిపించినను నేడచ్చట కంటికి కనబడునవి బారులు తీరిన గిడ్డంగులు, ట్రెయిలరు లారీలు, సరకు దింపు అరుగులు, ఆ పనులు నడపు జనుల క్యాంపులు. దేశపు ఆర్థిక మండలముల సంస్థ యగు మనాతిక్ దక్షిణ ఖతర్‌లో నెలకొల్పిన సరకు రవాణా పార్కులలో ఇది యొకటి. జగిత్యాల, కరీంనగరు, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతముల నుండియు, కడప గోదావరి జిల్లాల నుండియు గల్ఫునకు పోయిన తెలుగువారు ఇట్టి పనితావులలోనే డ్రైవర్లుగా, స్టోరుకీపర్లుగా, ఫోర్కులిఫ్టు నడపువారుగా, వంటవారుగా, లెక్కలు వ్రాయువారుగా బ్రతుకు గడపుదురు. ఇరువదియైదవ యేట వీసా చేతబట్టుకొని విమానమెక్కినవాడు, చెల్లెలి పెండ్లి వఱకనియు, ఇంటి స్లాబు పడువఱకనియు, పిల్లల చదువు ముగియువఱకనియు గడువు పొడిగించుకొనుచు నలువదియైదు దాటువఱకు అచ్చటనే యుండిపోవుట తఱచు. నడివయస్సు ఆతనిని పట్టుకొనునది ఆ యెండలోనే.

రెంటచింతల, రామగుండము వేసవులు చూచినవారికి ఎండ కొత్తది కాదు. అయినను ఖతర్ ఎండ వేఱు. దోహా 25 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము ఎగువ నున్నది. కర్కటరేఖ 23½ డిగ్రీల కడ నున్నది గనుక జూన్ 21వ తేదీ మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తికి రెండు డిగ్రీల లోపల నిలుచును. మబ్బు పట్టదు, రోడ్డు ప్రక్కన ఆగి నిలువ వేపచెట్టుగాని చింతచెట్టుగాని ఉండదు, క్రింది ఇసుక తనపై పడిన అతినీలలోహిత కిరణములలో కొంతపాలును మరల ముఖమునకే విసరును గనుక టోపీ నీడ యొక్కటే చాలదు. 2010 జూలైలో దోహాలో 50.4 డిగ్రీల సెల్సియస్ వేడిమి నమోదైనది. 2021లో వెలువడిన ప్రభుత్వ నిర్ణయము ననుసరించి జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వఱకు ఉదయము 10 గంటల నుండి మధ్యాహ్నము 3.30 వఱకు ఆరుబయట పని నిషిద్ధము. వేడి, తేమ, గాలి, ఎండ అను నాలుగింటిని కలిపి కొలుచు సూచిక 32.1 డిగ్రీలు దాటినచో వేళతో నిమిత్తము లేకుండ పని నిలుపవలయును. ఇది వడదెబ్బ నుండి ప్రాణమును కాపాడు మంచి నిబంధన. చర్మమును కాపాడు భారము మాత్రము ఎవరిది వారిదే. ఉదయము తొమ్మిది గంటల వేళ ఎండయు, లారీ ప్రక్కయద్దము గుండ చొచ్చివచ్చు ఎండయు ఆ నిబంధనకు అందవు.

ఎండ వెలుపలి శత్రువైనచో ఏసీ లోపలిది. గదిగాలిలోని తేమను నీటిబొట్లుగా మార్చి గొట్టము వెంట వెలికి పంపుట ఆ యంత్రమునకు స్వభావము. రాత్రి ఎనిమిది గంటలు ఆ గాలిలో పండుకొన్న చర్మము తెల్లవాఱునప్పటికి బిగిసి, గీసినచో తెల్లని గీత పడునట్లుండును. నీటి సంగతి మఱియొకటి. నదులు లేని ఆ దేశమున వాడుకనీరు దాదాపు అంతయు సముద్రజలము నుండి ఉప్పు తీసినదే. మేడపై తొట్టెలలో నిలిచిన ఆ నీరు జూలై, ఆగస్టు మాసములలో చల్లనీటి కుళాయి త్రిప్పినను చేయి కాలునట్లు వచ్చును. వేడినీరు చర్మపు సహజమైన జిడ్డును మితిమీఱి కడిగివేయును. గీజరు మీట ఆపివేసి, గదినీడలో చల్లాఱిన ఆ పీపాలోని నీటిని వేడినీటి కుళాయి ద్వారా పట్టుకొనుట గల్ఫు కాపురములలో చిరకాలముగా నడచుచున్న ఉపాయము. ముఖము కడుగుకొనుటకు ఆ నీరే శ్రేష్ఠము.

చర్మపు పైపొరకు బాహ్యచర్మమనియు, క్రింది దళసరి పొరకు అంతశ్చర్మమనియు పేరు. బాహ్యచర్మపు పైభాగమున మృతకణములు ఇటుకలవలె పేర్చబడి యుండ, వాని సందులలో సెరమైడులు, కొలెస్టరాలు, కొవ్వు ఆమ్లములు సున్నమువలె నిండియుండును. 1980 దశకమున అమెరికా చర్మశాస్త్రజ్ఞుడు పీటర్ ఎలయాస్ ప్రచారములోనికి తెచ్చిన ఈ గోడ ఉపమానము మనసున పట్టినచో కొరియా విధానము సగము అర్థమైనట్లే. సున్నము చెదరనంతవఱకు లోపలి తేమ వెలికిపోదు, వెలుపలి ధూళి లోనికి రాదు. చర్మపు ఉపరితలము కొంచెము ఆమ్లగుణము గలది, పిహెచ్ 5 ప్రాంతమున నుండును. సాధారణ సబ్బు బిళ్ళ 9, 10 వఱకు పోవును. దుమ్ము వదలవలెనని రోజునకు మూడు నాలుగు మారులు సబ్బుతో ముఖము తోముకొనువాడు శుభ్రతకై పాటుపడుచు తన గోడ సున్నమును తానే రాల్చుకొనుచున్నాడు.

నలువది దాటిన పిమ్మట ఈ గోడకు మరమ్మతు మందగించును. యౌవనమున సుమారు నాలుగు వారములలో క్రింది కణము పైకివచ్చి రాలిపోవుచుండగా, వయస్సుతో ఆ గడువు పెరుగును. చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెను ఏటేట నూటికి ఒకపాలు చొప్పున తఱుగుచు, స్త్రీలలో ముట్లుడిగిన తొలి అయిదేండ్లలోనే సుమారు 30 శాతము క్షీణించునని పరిశోధకులు లెక్కగట్టిరి. నూనెగ్రంథులు స్త్రీలలో ముందుగను, పురుషులలో చాల ఆలస్యముగను ఎండిపోవును. ఒకే యింట భార్య ముఖము పొడిబారి దురదపెట్టుచుండ భర్త ముక్కు ఇంకను జిడ్డోడుచుండుటకు కారణమిదే. ఇద్దఱికి ఒకే సీసా పనికిరాదు. ఇక మన చామనచాయ చర్మమునకు మెలనిను రక్ష కొంత కలదు గనుక ముడుతలు తెల్లజాతులవారికంటె ఆలస్యముగా వచ్చును. దానికి మాఱుగా మంగు, కణతలపై నలుపు, మొటిమగాని గాయముగాని మానినచోట మిగిలిపోవు మరక ముందు వచ్చును. తెలుగు ముఖమున నడివయస్సునకు తొలి గుర్తు ముడుత కాదు, మచ్చ. పాశ్చాత్య ప్రకటనలు ముడుతలను గూర్చియే మాటలాడుటచేత మనవారు తమ సమస్య వేఱనియు, దానికి మందు వేఱనియు గుర్తింపకున్నారు.

కొరియావారి చర్మచింత నేటి సీసాలకంటె మిక్కిలి పాతది. చొసన్ రాజ్యకాలమున పెసలు మొదలగు గింజలను విసరి, ఆ పొడితో ముఖము కడుగుకొనెడివారు. దానికి జోదు అని పేరు. 1613లో ముద్రితమైన హొ జున్ వైద్యమహాగ్రంథము తొంగ్వి పొగమ్‌లో ముఖమునకును చర్మమునకును వేర్వేఱు ప్రకరణములు కలవు. 1809లో పింగ్హొగక్ యీ అను విదుషి గృహిణుల కొఱకు కూర్చిన క్యుహప్ చోంగ్సొ వంటకములు, కుట్టుపని, అద్దకముతోపాటు అలంకరణమునకు కూడ చోటిచ్చిన గృహవిజ్ఞాన సర్వస్వము. జోదు మాట విన్న తెలుగువానికి సున్నిపిండి తలపునకు రాక మానదు. పప్పుపిండితో ఒడలు కడుగుకొనుట బౌద్ధ విహారములలో సైతము ఆచారము. చీనాభాషలో నున్న బ్రహ్మజాల సూత్రము భిక్షువు వెంట నుంచుకొనవలసిన పదునెనిమిది వస్తువులను లెక్కించుచు, పండ్లపుల్ల తర్వాత ఈ పిండినే పేర్కొనినది.

పోలిక ఇంతటితో ఆగదు. భోగినాటి తలంటును జ్ఞాపకము చేసికొందము. తల్లి ముందు నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి మాడునుండి మడమల వఱకు మర్దించును, నూనె ఇంకి, ఒంటి మురికిని తనలో కలుపుకొన్న పిమ్మటనే, తడిపిన సున్నిపిండి ముద్దతో మోచేతులను, మెడను నలుచును, పిండి నూనెను పీల్చుకొని పసుపుపచ్చని నలకలుగా గచ్చుమీద రాలును, ఆపైన నీళ్ళు. జిడ్డును జిడ్డుతో కరిగించి, ఆ మీదట నీటితో పోవు పదార్థముచే దానిని తొలగించుట ఇందలి సూత్రము. కొరియా విధానమున మొదటి రెండు మెట్లు, అనగా నూనెతో ఒకమాఱు, నురుగుతో ఒకమాఱు ముఖము కడుగుట, అక్షరాల ఇదియే. నూతనమని మనము కొనుచున్నది మన ఇంటి గచ్చుమీదనే ఉండినది. అయితే మనము దానిని పండుగకు ఒకనాడు చేసి మఱచితిమి. వారు దినదినమును చేయదగిన తేలికరూపమునకు తెచ్చిరి. కొరియావారి ఘనత పదార్థములలో కంటె ఈ నిత్యతలో నున్నది.

ఇరువదవ శతాబ్దపు కథలో మంచిచెడ్డలు రెండును కలవు. 1910 దశకమున సియోలులో అమ్మకమునకు వచ్చిన పక్కాబున్ అను తెల్లని ముఖచూర్ణము కొరియాలో విరివిగా అమ్ముడుపోయిన తొలి వాణిజ్య సౌందర్యసాధనము. అందలి సీసము స్త్రీల ముఖములను పాడుచేయగా 1937లో దాని తయారి ఆగిపోయెను. కేసాంగ్ పట్టణమున యున్ తొక్‌జంగ్ అను గృహిణి కమేలియా గింజల నుండి తలనూనె తీసి అమ్మెను. ఆమె కుమారుడు స సంగ్‌హ్వాన్ 1945లో స్థాపించిన వ్యాపారమే నేటి అమోర్‌పసిఫిక్. 1947లో ముఖమునకు రాయు క్రీముతో ఆరంభమైన లక్కీ రసాయన సంస్థ ఎల్‌జి కుటుంబమునకు మూలము. మన వంటయిండ్లలోని ఎల్‌జి ఫ్రిజ్జులకు మూలపురుషుడు ఒక క్రీము డబ్బా యన్నమాట. 1999లో చేయబడి 2000లో అమలునకు వచ్చిన సౌందర్యసాధనముల చట్టము వన్నెను సమము చేయునవి, ముడుత తగ్గించునవి, ఎండ నాపునవి అను మూడు తెగలను వేఱుపఱచి, వానికి పదార్థ పరిమాణములను నిర్ణయించెను. నియాసినమైడు 2 నుండి 5 శాతము, అడెనొసిను 0.04 శాతము అట్టివి. ప్రకటన గొంతు ఎంత పెద్దదైనను సీసాలో నుండవలసినది ఉండితీరవలెనను ఈ కట్టుబాటే కొరియా సరకునకు పరువు తెచ్చినదని నా యభిప్రాయము. 

“పది మెట్లు” అను మాటకు లోకప్రచారము అమెరికాలో కలిగినది. 2012లో సోకో గ్లామ్ అంగడిని నెలకొల్పిన షార్లెట్ చో, 2015 నాటి తన పుస్తకము ద్వారా దానిని ఇంటింటి మాట చేసెను. నూనె, నురుగు, మృతకణములను తొలగించు పొడి, కొరియావారు “స్కిన్” అని పిలుచు టోనరు, ఎసెన్సు, మందుపదార్థము గాఢముగా గల సీరము, ముఖమున పఱచుకొను కాగితపు ముసుగు, కంటిక్రింది క్రీము, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్ అను వరుస అది. ఈ పదింటిని నిత్యము పాటించువారు కొరియాలో సైతము కొలదిమంది. 2010 దశకపు చివరి నాటికి అచ్చటనే మెట్లు తగ్గించుకొను ధోరణి బయలుదేరినది. బిర్కత్ అల్ అవామిర్ క్యాంపు గదిలో, ఆఱుగురికి ఒక అద్దము, పదిమందికి ఒక స్నానపుగది యున్నచోట, నాలుగు చాలును: మెత్తని ఫేస్‌వాష్, ఒక సీరము, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్. నూనెతో కడుగుట సన్‌స్క్రీన్ దట్టముగా పూసిన దినమున, లేదా గ్రీజు, డీజిలు మసి ముఖమున పట్టిన దినమున అవసరము.

మెట్ల సంఖ్యకంటె వాని నడుమ గల వేళ ముఖ్యము. ముఖము కడిగి తువ్వాలుతో రుద్దక అద్దుకొని, చర్మము ఇంకను చెమ్మగా నున్నప్పుడే, అనగా ఒకటి రెండు నిమిషముల లోపల, సీరము చుక్కలు నాలుగింటిని అరచేతుల నడుమ పఱచి ముఖమునకు అదుమవలయును. అది లోనికి పోయి చేతికి అంటకున్నప్పుడు మాయిశ్చరైజరు. గ్లిసరిను, హయలూరానిక్ ఆమ్లము నీటిని పట్టియుంచు పదార్థములు. ఏసీ గదిలో పొడి ముఖమునకు వానిని మాత్రమే రాసి ఊరకున్నచో పట్టియుంచుటకు నీరు దొరకక చర్మము మఱింత బిగియును. పైన మూతవలె క్రీము పడవలెను. ఇట్లు తేమ నిండిన చర్మమును కొరియావారు “చొక్‌చొక్” అను జంటపదముతో వర్ణింతురు. మన “నవనవ” దానికి సరియైన తోబుట్టువు. సియోలు చలికాలపు ఎముకలు కొఱుకు పొడిగాలికి తగినట్లు చేసిన దళసరి క్రీములు మాత్రము ఖతర్ ఆగస్టు ఉక్కకు తగవు. తీరపుగాలి తేమతో బరువెక్కు ఆ నెలలలో పగటివేళ జెల్ వంటి పలుచని మాయిశ్చరైజరును, ఏసీ గదిలో నిద్రకు ముందు చిక్కని క్రీమును వాడుకొనుట యుక్తము.

ఈ విధానమునకంతకు ప్రాణము చివరి మెట్టు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్యపత్రిక ఒక ఛాయాచిత్రమును ప్రకటించెను. 69 ఏండ్ల మనుష్యుడు. 28 సంవత్సరములు సరకుబండి నడపినవాడు. ఆతని కుడిచెంప ఆ వయస్సున నుండదగినట్లే యున్నది. ఎడమచెంప మాత్రము దళసరియై, దున్నిన చేనివలె చాళ్ళు పడి, కంటిక్రింద సంచియై వ్రేలాడుచున్నది. ఒకే శిరస్సున ఇద్దఱు మనుష్యులు, వారి నడుమ ఇరువదియేండ్ల అంతరము! కారణము ప్రక్కయద్దము. గాజు అతినీలలోహిత కిరణములలో ‘బి’ తెగను ఆపును గాని అంతశ్చర్మము వఱకు దిగిపోవు ‘ఎ’ తెగను సాధారణమైన ప్రక్కయద్దము ఆపజాలదు. ఖతర్‌లో వాహనములు రోడ్డునకు కుడివైపున నడచును గనుక డ్రైవరు ఎడమ ప్రక్కన కూర్చుండును. అనగా హమద్ రేవునకును గిడ్డంగులకును నడుమ ట్రెయిలరు నడపు మన నిజామాబాదు సోదరుని ఎడమచెంపయు, కిటికీపై ఆనించిన ఎడమ మోచేయియు ఆ ఛాయాచిత్రపు బాటలోనే యున్నవి. సెలవుమీద వచ్చిన డ్రైవరును వెలుతురులో కూర్చుండబెట్టి రెండు ముంజేతులను ప్రక్క ప్రక్కన చాపుమన్నచో ఈ భేదము ఎవరికైనను కనబడును. పొడుగు చేతుల చొక్కాగాని, డ్రైవర్లు తొడుగుకొను చేతితొడుగుగాని ఏ సీరముకంటెను చవుకైన, గట్టియైన రక్ష.

వయస్సు మళ్ళిన పిమ్మట మొదలిడిన ప్రయోజనమేమి యను సందేహమునకు ఆస్ట్రేలియాలోని నాంబూరు పట్టణము సమాధానము చెప్పినది. అచ్చట 55 ఏండ్ల లోపు వయోజనులు 903 మందిని పరీక్షించి, దినమును సన్‌స్క్రీన్ పూసికొన్నవారికి నాలుగున్నర యేండ్ల కాలమున చర్మపు వార్ధక్యము ఇష్టము వచ్చినప్పుడు పూసికొన్నవారికంటె 24 శాతము తక్కువగా కనబడినదని ఏడెల్ గ్రీన్ బృందము 2013లో ప్రకటించెను. నలువదియైదవ యేట ఆరంభించినను కాలము మించిపోలేదు. ‘బి’ కిరణముల రక్షకు కొలతయగు ఎస్‌పిఎఫ్ 30కి తక్కువ గానిదియు, ‘ఎ’ కిరణముల రక్షకు గుర్తుగా పిఎ ప్రక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులు గలదియు ఎన్నుకొనవలయును. సీసాపై వ్రాసిన అంకె చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసినప్పుడే నిజము. చూపుడువ్రేలు, నడిమివ్రేలు పొడుగున రెండు చారలు పిండినచో ముఖమునకు, మెడకు సరిపోవును. శనగగింజంత తీసి ముఖమంత పులిమినవానికి ఆ రక్షలో నాలుగవవంతైనను దక్కదు. చెమటపట్టు పనిలో రెండు గంటలకు మరల పూయవలెను. మంగు కలవారు మఱియొకటి గమనింపవలయును: చామనచాయ చర్మమును కంటికి కనబడు వెలుతురు కూడ నలుపెక్కించును, దానిని ఆపునది ఇనుప ఆక్సైడులు కలిపిన రంగుసన్‌స్క్రీన్. మన ముఖములపై సున్నము పూసినట్లు తెల్లచారలు తేలకుండుటయు దీని వలని లాభమే.

పదార్థములలో మనకు చుట్టములైనవి చాల కలవు. కొరియా సీసాలపై “సికా” అని కనబడునది మన మండూకపర్ణి, మన పెరటి సరస్వతి ఆకు. గాయము మాన్పుటకు, ఎఱ్ఱదనము చల్లార్చుటకు పేరుగన్నది. బియ్యపు కడుగునీళ్ళతో ముఖము కడుగుకొనుట అచ్చటి అవ్వలకును తెలియును. నియాసినమైడు విటమిన్ బి3 రూపమే. మచ్చలపై మెల్లగా, చర్మమును నొప్పింపక పనిచేయును గనుక మన చర్మమునకు తొలి సీరముగా ఎన్నదగినది. రెటినాలు ముడుతలపై ఎక్కువ ఫలమిచ్చునది. వారమునకు రెండు రాత్రులతో మొదలిడి పెంచుకొనవలెను, గర్భవతులు దానిని తాకరాదు.

బావంచాలను గూర్చి కొంచె మాగి చెప్పవలయును. సున్నిపిండిలో కచ్చూరాలు, వట్టివేళ్ళతోపాటు బావంచాలను కలుపుట మన ఇండ్లలో ఆచారము. ఈ గింజల నుండి తీసిన బకూచియాల్ అను ద్రవ్యము నేడు కొరియా సీరములలో రెటినాలునకు ప్రతినిధిగా వెలయుచున్నది. 44 మందిపై పండ్రెండు వారములు జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో రెండింటి ఫలములు ఇంచుమించు సమానముగను, చర్మపు మంట బకూచియాల్‌కు తక్కువగను తేలినవి. కాని ముడిగింజలో సోరాలెన్ అను మఱియొక ద్రవ్యము కూడ కలదు. అది చర్మమును ఎండకు సున్నితము చేయును, బొల్లి చికిత్సలో వైద్యులు దానిని కొలిచి వాడుట ఆ గుణముచేతనే. తెలుగునాట తెల్లవాఱుజామున నలుగు పెట్టుకొని ఇంటిపట్టున నుండువారి మాట ఎట్లున్నను, అమ్మ సెలవునాడు డబ్బాలో పోసి పంపిన సున్నిపిండితో ముఖము తోముకొని తిన్నగా ఖతర్ ఎండలోనికి పోవుట క్షేమము కాదు. బావంచాలు లేని పిండి కొట్టించుకొనుట, లేదా నలుగును సాయంకాలమునకు మార్చుకొనుట మేలు.

అపాయము లన్నిటిలోను పెద్దది తెలుపుమీది మోజు. కొరియా చట్టమున వన్నెను సమము చేయుట యనగా మచ్చను చుట్టుప్రక్కల చాయతో కలుపుట. పుట్టుచాయను మార్చుట ఎవరికిని సాధ్యము కాదు. ఈ భేదము తెలియనివారిని వెదకికొని రెండు విషములు వచ్చును. ఒకటి స్టెరాయిడ్ కలిసిన గొట్టపు మందు: రెండు వారములలో ముఖము తేటపడినట్లు తోచి, కొన్ని నెలలకు చర్మము పొరవలె పలుచనై, ఎఱ్ఱని నరములు తేలి, వాడుట మానగానే మంటయు మొటిమలును విరుచుకొనిపడును. భారత ప్రభుత్వము 2018లో ఇట్టి పదునాలుగు మందులను వైద్యుని చీటి లేనిదే అమ్మగూడని తెగలో చేర్చెను. రెండవది పాదరసము కలిపిన తెల్లక్రీము. 1 పిపిఎం (పదిలక్షలలో ఒక పాలు) మించిన పాదరసము గల సాధనములను 2020తో నిలుపవలెనని మినమాటా అంతర్జాతీయ ఒడంబడిక విధించినది. పాదరసము చర్మము గుండ ఒంటిలోనికి పోయి మూత్రపిండములను చెఱచును. పదార్థముల పట్టిక, తయారీదారు చిరునామా లేని డబ్బాను, అది ఎంత ప్రియమైన స్నేహితుడు ఇచ్చినదైనను, ముఖమునకు చేర్చరాదు.

మెడ వెనుక, చంకలలో ముఖమలువలె మందమై నల్లబడిన చర్మమును మురికి యనుకొని రుద్దువారు కలరు. అది రుద్దినను పోదు, సీరమునకును పోదు. అది తఱచుగా మధుమేహమునకు ముందునడచు దూత. అట్టివారు అంగడికి గాక రక్తపరీక్షకు పోవలయును. రంగుమాఱుచు పెరుగు పుట్టుమచ్చ, మానని పుండు వైద్యుని కన్నులు చూడవలసినవి.

వ్యయము మాట. ఖతర్‌లో 2021 మార్చి నుండి కనీస వేతనము నెలకు 1,000 రియాళ్ళు. వసతి, భోజనము యజమాని కల్పింపనిచో 500, 300 అదనము. ఆ జీతములో ఇంటికి పంపవలసినది పోగా మిగులుదానితో పది సీసాలు కొనుమనుట అన్యాయము. ఒక్కటే కొనగలిగినవాడు సన్‌స్క్రీన్ కొనవలయును. రెండవది సువాసన లేని సాదా మాయిశ్చరైజరు, అది కొరియాదే కానక్కఱలేదు. వ్యయము తర్వాత అడ్డుపడునది సిగ్గు. కొరియాలో పురుషులు సంకోచము లేకుండ చేయుచున్న ఈ పనికి మన మగవారు సిగ్గుపడుట చూచితిని. ఎండకు పగిలిన పెదవికి వెన్న రాసికొనిన తాతలను ఎవరును నవ్వలేదుగదా.

వ్రాయబడిన దినచర్యలన్నియు ఉదయము లేచి రాత్రి పండుకొనువారికి ఉద్దేశింపబడినవి. గిడ్డంగులలో రాత్రి షిఫ్టు చేయువారికి వానిని తలక్రిందులు చేసికొనవలెను. సాయంకాలము పనికెక్కునప్పుడు ఫేస్‌వాష్, మాయిశ్చరైజరు చాలును. సన్‌స్క్రీన్ షిఫ్టు చివర, బస్సు ఎక్కుటకు పావుగంట ముందు పూయవలెను. వేసవిలో అయిదు గంటలకే తెల్లవాఱు ఆ దేశమున తిరుగుప్రయాణమంతయు ఎండలోనే గదా. గదికి చేరి, దానిని కడిగివేసి, సీరమును, చిక్కని క్రీమును ఆ వేళ రాసికొనవలెను. క్రింది మంచమునకు దుప్పటిని తెరగా కట్టుకొని పగలు నిద్రించు క్యాంపు అలవాటు రెటినాలు వంటి వెలుతురు పడని మందులకు చక్కగా అనుకూలించును.